వంత మాట : బుర్రకథా దళముల సంచారము, హిప్‌హాప్ సభాయాత్రలు, వాని వారసత్వము

1. ఉపోద్ఘాతము

హైదరాబాదునుండి విజయవాడకు వచ్చు రహదారియు, ఉత్తరమున జగదల్‌పూరునుండి దిగివచ్చు రహదారియు ఇబ్రహీంపట్నము కడ కలిసికొనును. ఒక వైపున కృష్ణానది, మరియొక వైపున కొండపల్లి కొండలు. ఇట్టి కూడలి గ్రామములకు మన సాహిత్య చరిత్రలలో చోటు తక్కువ. కవి పుట్టిన యూరు, కృతిపతి యేలిన పట్టణము, తాళపత్రము లభించిన గ్రామము – వీనికే మన చరిత్రకారులు స్థానమిచ్చిరి. లిఖిత సాహిత్యమునకు అది తగినదే. కాని నోటినుండి చెవికి నడచిన సాహిత్యమునకు పుట్టిన యూరికంటె నడచిన త్రోవ ముఖ్యము. ఆ త్రోవలో ఆగిన ప్రతి గ్రామమును ఆ రచనకొక పాఠాంతరమును చేకూర్చును.

అట్టి సంచార ప్రదర్శనలు తమ వెనుక విడిచిపోవు వారసత్వమెట్టిది యను ప్రశ్నను ఈ వ్యాసమున విచారింపదలచితిని. ఇందుకు రెండు ఉదాహరణములను గ్రహించితిని. మొదటిది 1943 తరువాత ఆంధ్ర ప్రజానాట్యమండలి బుర్రకథా దళములు కృష్ణా, గుంటూరు మండలములలో సాగించిన సంచారము. రెండవది 1984 మొదలుకొని అమెరికాలో హిప్‌హాప్ కళాకారులు పెద్ద క్రీడామందిరములలో సాగించిన సభాయాత్రలు. మొదటిదియే ఈ వ్యాసమునకు ప్రధాన విషయము. రెండవది దానిని తూచుటకు తెచ్చుకొన్న తూనికరాయి.

ఈ రెంటి నడుమ జన్యజనక సంబంధము లేదు. 2015లో పట్టిసీమకడ ఎత్తిపోసిన గోదావరి నీరు కాలువ వెంట వచ్చి ఇబ్రహీంపట్నము ఫెర్రీకడ కృష్ణలో కలిసినది. బ్రాంక్సు వీథులకును, కృష్ణా డెల్టా కళ్లములకును నడుమ అట్టి కాలువ యేదియు లేదు. ఒకదానినుండి మరియొకటి పుట్టెనని చెప్పుట నా యుద్దేశము కాదు. సంబంధము లేని రెండు కళలు ఒకే చిక్కునెదుర్కొన్నప్పుడు, ఆ చిక్కు ఆ జాతి కళకు సహజమైనదని గుర్తింపవచ్చును. తులనాత్మక విమర్శకు ప్రయోజనమదియే.

ఆ చిక్కేదనగా – వాడలో, ఎదుటివాని ముఖము చూచుచు పుట్టిన కళ వేలమంది యెదుట నిలిచినప్పుడు, ఆ యెదుటివాడేమగును? సంచారముయొక్క గొప్పతనమును జనసంఖ్యతోను, వసూలైన సొమ్ముతోను, కళాకారుని కీర్తితోను కొలుచుట పరిపాటి. ఈ కొలతలు చాలవనియు, వంత స్థానమేమైనదో చూచుటయే సరియైన కొలత యనియు నా ప్రతిపాదనము.

2. వంత యనగా నెవరు?

బుర్రకథ ముగ్గురి కళ. నడుమ కథకుడు, అతని భుజముపై తంబుర, వ్రేళ్లకు అందెలు, కాళ్లకు గజ్జెలు, నిలువుటంగీ, తలపాగా. అతని కిరువైపుల గుమ్మెటలు వాయించు వంతలిద్దరు. ఒకడు హాస్య వంత, మరియొకడు రాజకీయ వంత. తంబుర బుర్రనుబట్టి ఈ కళకు ఆ పేరు కలిగెనని వాడుక. దీనికి పూర్వరూపము జంగము కథ. అందును కథకునికి ప్రక్కన వంతలుండిరి. తరచుగా కుటుంబమువారే ఆ పని చేసెడివారు.

వంత చేయు పనులను నాలుగుగా విభజింపవచ్చును. కథకుడు ఊపిరి తీసికొనుటకు, గజ్జె సవరించుకొనుటకు వ్యవధి కల్పించుట మొదటిది. 'తందాన తాన' యని అందుకొని తాళమును నిలుపుట రెండవది. కథ నడుమ ఆపి ప్రశ్నించుట మూడవది. కథలోని విషయమును ఆ పూట ఆ యూరికి అన్వయించుట నాలుగవది. మొదటి రెండును సంగీతమునకు సంబంధించినవి; తరువాతి రెండును సాహిత్యమునకు సంబంధించినవి. కథకుడు పల్నాటి యుద్ధమును చెప్పుచుండగా హాస్య వంత ఆ యూరి చెరువునో, ఆ యూరి పెద్దలనో తలచి ఒక మాట విసరును. ఆ క్షణమున పన్నెండవ శతాబ్దపు యుద్ధము కళ్లములో కూర్చున్న రైతు సొంత వ్యవహారమగును.

కావున వంత కథకుని సహాయకుడు మాత్రమే కాడు; అతడు వేదికనెక్కిన శ్రోత. శ్రోతకు కలిగిన సందేహమును శ్రోతకంటె ముందుగా అడుగువాడతడు. ఈ స్థానము మన ప్రదర్శన కళలకు క్రొత్తది కాదు. కూచిపూడివారి భామాకలాపమున మాధవి సత్యభామను అడుగక విడువదు. నీ పేరేమి, నీ నాథుడెవరు, నీ అలుకకు కారణమేమి యని ఆమె అడిగిన కొలది సత్యభామ అహంకారము బయటపడును. మాధవి లేని కలాపమున సత్యభామ తన్ను తాను పొగడుకొనుటయే మిగులును. ఇందుకు భిన్నముగా ఆదిభట్ల నారాయణదాసుగారు మహోన్నత స్థితికి తెచ్చిన హరికథ ఏకపాత్రము. అందు ప్రశ్న యడుగువాడును, సమాధానము చెప్పువాడును దాసుగారే. హరికథలోని పాండిత్యమునకును, బుర్రకథలోని వాదమునకును గల భేదము ఈ నిర్మాణమునందే కలదు.

మౌఖిక సాహిత్యమును గూర్చిన పాశ్చాత్య సిద్ధాంతములలో మిల్‌మన్ ప్యారీ, ఆల్బర్ట్ లార్డులది ప్రధానమైనది. గాయకుడు కంఠస్థము చేసిన పాఠమును అప్పగింపడనియు, పాడుచునే రచించుననియు లార్డు 1960లో ప్రకటించిన గ్రంథమున నిరూపించెను. మన జానపద వాఙ్మయ పరిశోధకులకు ఈ సిద్ధాంతము మిగుల ఉపకరించినది. కాని లార్డు పరిశీలించిన యుగోస్లావియా గాయకుడు ఒంటరి. తన వాద్యమును తానే మీటుకొనుచు పాడువాడు. అతని ప్రక్కన వంత లేడు. అందుచేత ఆ సిద్ధాంతమును మన బుర్రకథకు యథాతథముగా తొడిగినచో, ముగ్గురిలో ఇద్దరు బయటనే మిగిలిపోవుదురు.

ఇక భాషలోని మాటను చూడుడు. 'వంత పాడుట' యనగా నేడు మన వాడుకలో ఆలోచన లేక ఒకరి మాటకు తలయూపుట. ప్రశ్నించుటకు పుట్టిన పాత్రకు ఈ నింద యెట్లు వచ్చెను? ఈ నింద మొదట అన్యాయమేయైనను, పిదప చరిత్ర దానిని కొంతవరకు నిజము చేసినది. ఆ క్రమమునే ఇక చూడవలెను.

3. 1943 తరువాతి సంచారము

1943 మే నెలలో బొంబాయిలో అఖిల భారత ప్రజానాట్యసంఘము ఏర్పడెను. ఆంధ్రదేశమున డాక్టరు గరికపాటి రాజారావు మున్నగువారి కృషితో ప్రజానాట్యమండలి రూపుదిద్దుకొనెను. అది బెంగాలు క్షామ సంవత్సరము. క్షామపీడితులకై నిధి కూర్చుటకు దళములు ఊరూర తిరిగెను. జంగము కథను రాజకీయ కథనమునకు అనువుగా మలచుటలో అనేకులు పాల్గొనిరి. వారిలో కళాకారుడుగా అగ్రగణ్యుడు షేక్ నాజరు.

నాజరు 1920లో గుంటూరు మండలమునందలి పొన్నెకల్లున జన్మించెను. దూదేకుల కుటుంబమునకు చెందినవాడు. ఆయన ఆత్మకథకు పేరే 'పింజారి'. సంగీతమునభ్యసించి, నాటకములలో స్త్రీ పాత్రలు ధరించి, పిదప బుర్రకథకు వచ్చెను. కావున ఆయన కథనమున రాగజ్ఞానమును, నటుని ముఖమును, జంగము కథకుని అడుగును ఒక్కచోట చేరెను. పల్నాటి వీరచరిత్ర, బొబ్బిలి యుద్ధము, అల్లూరి సీతారామరాజు, బెంగాలు కరువు ఆయన కథలలో ప్రసిద్ధములు. 1986లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నొసంగెను. 1997లో ఆయన దివంగతుడయ్యెను. దూదేకుల కులమునుండి వచ్చిన ముసల్మాను బ్రహ్మనాయుని చాపకూటి కథను చెప్పగా పల్నాటి పల్లెలు విని మెచ్చుకొనుట, చాపకూటికే ఒక వ్యాఖ్యానము.

రచయితలలో సుంకర సత్యనారాయణగారు ముఖ్యులు. 'కష్టజీవి' మున్నగు వారి బుర్రకథలు దళముల చేతులలో తిరిగెను. వాసిరెడ్డి భాస్కరరావుగారితో కలిసి ఆయన 1947లో వ్రాసిన 'మా భూమి' నాటకమును నూటికి పైగా సమాజములు ఆడెనని నాటకరంగ చరిత్రకారులు వ్రాసిరి. మద్రాసు ప్రభుత్వము ఆ నాటకమును నిషేధించెను. బుర్రకథా రంగమున మోటూరి ఉదయముగారు మహిళా దళమును నడపిరి. గృహస్థురాలు గజ్జె కట్టి వేలమంది యెదుట కథ చెప్పుట ఆ రోజులలో చిన్న సాహసము కాదు. ప్రజానాట్యమండలిలో ఆడి పాడిన మహిళల జీవనము ఎట్టిదో కొండపల్లి కోటేశ్వరమ్మగారి 'నిర్జన వారధి' చదివినవారికి తెలియును.

ఈ సంచారమున గమనింపదగిన ముఖ్య లక్షణమొకటి కలదు. పెట్రోమాక్సు దీపముల వెలుగున, కోత ముగిసిన పొలములోనో, కళ్లములోనో, బడి ముంగిటనో ప్రదర్శన జరిగెడిది. కథకుడును శ్రోతయు ఒకే నేలపై నిలిచిరి. దళము ఊరికి వచ్చినది మొదలు ఆ యూరి వార్తలు దాని చెవిని పడును: శిస్తెంత, కూలి యెంత, ఏ కాలువకు నీరు రాలేదు, ఎవరి పొలము ఎవరి పాలైనది. రాత్రి కథలో అవి వంత నోట వచ్చును. ఆ విధముగా ముద్రిత పాఠము ఊరూర మారెను. సంచారమనగా ఒకే పాఠమును పలుచోట్ల చెప్పుట కాదు. పలుచోట్ల పలు పాఠములు పుట్టుట.

దాని ఫలమేమి? దళము వెళ్లిన పిమ్మట ఊళ్లలో యువకులు తామే గుమ్మెట లెత్తిరి. కథకుని కంఠమును అందుకొనలేనివారు సయితము వంతగా నిలువగలిగిరి. ఇది చాల ముఖ్యమైన విషయము. మహాకథకుడు తరమునకొక్కడు, వంత యూరికిద్దరు. కళ ప్రజలలోనికి ప్రవేశించిన ద్వారము కథకుని స్థానము కాదు, వంత స్థానము.

4. బ్రాంక్సునుండి క్రీడామందిరమునకు

ఇక తూనికరాయిని తీసికొందము. న్యూయార్కు నగరమున బ్రాంక్సు భాగమునందు 1973 ఆగస్టు 11వ తేదీన ఒక నివాస భవనములోని సమావేశ గదిలో జమైకానుండి వచ్చిన క్లైవ్ క్యాంబెల్ యను యువకుడు రికార్డులు వినిపించెను. కూల్ హెర్క్ యను పేర ప్రసిద్ధుడైన ఇతడు, పాటలో గాత్రము విరమించి తాళము మాత్రమే మ్రోగు భాగమును పట్టి, రెండు యంత్రములపై మరల మరల త్రిప్పి దానిని పొడిగించెను. ఆ తాళముపై చెప్పిన హెచ్చరికలు, పిలుపులు, ఎత్తిపొడుపులు క్రమముగా లయబద్ధమైన పద్యములయ్యెను. అదియే రాప్. ఈ కళ పేటలో పుట్టినది. ఎదుట నిలిచినవాని పేరు పెట్టి పిలిచినది. వాడు బదులు పలికిననే ముందుకు సాగినది.

1979లో షుగర్‌హిల్ గ్యాంగు రికార్డుతో ఆ కళ పేటను దాటెను. 1984లో 'ఫ్రెష్ ఫెస్ట్' యను సంచార ప్రదర్శన రన్ డీఎంసీ, కర్టిస్ బ్లో, హూడీని, ఫ్యాట్ బాయ్స్ మున్నగు బృందములను ఒక్కటిగా చేర్చి, నర్తకులతో సహా నగరముల క్రీడామందిరములకు తీసికొనిపోయెను. రాప్ కళ పెద్ద మందిరములను నింపగలదని నిరూపించిన తొలి యాత్రగా దానిని చరిత్రకారులు పేర్కొందురు. దాని పోషకులలో ఒక గడియారముల సంస్థ ఉండుట గమనింపదగినది.

రన్ డీఎంసీ బృందమును బుర్రకథ నెరిగినవాడు చూచినచో ఆశ్చర్యపడును. వారును ముగ్గురే. ఇద్దరు మాటలాడువారు, ఒకరి పాదమును మరియొకరు పూర్తిచేయుదురు. మూడవవాడు జామ్ మాస్టర్ జే. రికార్డులపై తాళమును నడపువాడు. కొన్ని సంవత్సరములకు వెలసిన పబ్లిక్ ఎనిమీ బృందమున పోలిక ఇంకను స్పష్టము. చక్ డీ గంభీరముగా రాజకీయమును చెప్పును. ఫ్లేవర్ ఫ్లేవ్ మెడలో పెద్ద గడియారము వ్రేలాడగా నడుమ దూరి నవ్వించును, రెచ్చగొట్టును, అవుననిపించును. వారి పరిభాషలో అతడు 'హైప్‌మాన్'. మన పరిభాషలో అతడు హాస్య వంత. ఎవరినుండి ఎవరు నేర్వకయే రెండు సమాజములు ఈ పాత్రను కల్పించుకొనుటనుబట్టి, బహుజనుల యెదుట వాదము చేయు కళకు ఇట్టి పాత్ర అవసరమని తెలియుచున్నది.

1986లో రన్ డీఎంసీ 'రైజింగ్ హెల్' యాత్ర సాగించెను. ఆ యాత్రలో రెండు ఘటనలు చరిత్రకెక్కినవి. మొదటిది జూలైలో న్యూయార్కు నగరపు మాడిసన్ స్క్వేర్ గార్డెనున జరిగినది. అడిడాస్ బూట్లను గూర్చిన పాటకు ముందు గాయకుడు, తమ బూట్లను ఎత్తి చూపుడని శ్రోతలను కోరెను. వేలకొలది చేతులు బూట్లనెత్తెను. ఆ సభలో ఆ సంస్థ ప్రతినిధి యుండెను. కొలది కాలమునకే ఆ బృందమునకును, సంస్థకును ఒప్పందము కుదిరెను. రెండవది ఆగస్టు 17న కాలిఫోర్నియాలోని లాంగ్ బీచిలో జరిగినది. అచ్చట ముఠాల కొట్లాట చెలరేగి సుమారు నలుబదిమంది గాయపడిరి; రన్ డీఎంసీ వేదిక నెక్కకమునుపే సభ ముగిసినది. దాని తరువాత మందిరముల యజమానులును, బీమా సంస్థలును చిరకాలము ఈ కళను అనుమానముతో చూచిరి. 1999లో జే జీ, డీఎంఎక్స్, మెథడ్ మాన్, రెడ్‌మాన్ కలిసి సాగించిన 'హార్డ్ నాక్ లైఫ్' యాత్ర అమెరికా అంతట క్రీడామందిరములను నింపి ఆ శంకను చాలవరకు తొలగించెను. 2000లో ఆ యాత్ర నేపథ్యము చలనచిత్రముగా వెలువడెను.

5. శ్రోత ఎత్తిన వస్తువు

మాడిసన్ స్క్వేర్ ఘటనను వ్యాపార చరిత్రకారులు విజయగాథగా చెప్పుదురు. విమర్శకుడు దానిని మరియొక విధముగా చదువవలెను. ఆ పాట బూట్ల ప్రకటనగా పుట్టలేదు. లేసులు లేని బూట్లు తొడుగు యువకులను నేరస్థులతో జతపరచి నిందించిన ఒక స్థానిక వైద్యుని మాటకు ప్రత్యుత్తరముగా అది పుట్టెనని చెప్పుదురు. అనగా మూలమున అదియొక వాదము: పేటలోని పెద్ద ఒకమాట యనెను, పేటలోని పిల్లలు బదులు చెప్పిరి. తొడిగిన బూటునుబట్టి మనిషిని తీర్మానింపరాదని వారి ప్రతివాదము. మందిరమున చేరిన వేలమందికి ఆ వైద్యుడు తెలియడు, ఆ నింద తెలియదు. ప్రశ్న లేచిపోయి సమాధానము మాత్రమే మిగిలెను. సమాధానములో వాదము లేచిపోయి వస్తువు మాత్రమే మిగిలెను. మన దేశమున నిండుసభలో పాదరక్ష నెత్తుట ధిక్కార సూచకము. అచ్చటను ఆ పాట మూలమున ధిక్కారమే. కాని అంత పెద్ద మందిరమున అది సమ్మతిగా మారెను.

కళాకారులను నిందించుటకు ఈ మాట చెప్పుట లేదు. వేలమంది శ్రోతలు ఏకకాలమున చేయగల పనులు కొన్నియే: కేక వేయుట, చేయి యెత్తుట, చేతిలోనిది యెత్తుట. ప్రశ్న యడుగుట అందులో లేదు. సభ పెరిగినకొలది శ్రోత వంతగా మారుననుట నిజమే. కాని ఆ వంతకు నాలుగు పనులలో మొదటి రెండే మిగులును. తాళము నిలుపును, అవుననును. ఆపి అడుగుటయు, తన యూరికి అన్వయించుటయు అతని చేతినుండి జారిపోవును.

డెల్టాలోని శ్రోత ఎత్తినదేమి? క్షామనిధికి కాసులు, గింజలు ఎత్తెను. పిదప గుమ్మెట నెత్తెను. మొదటిది దానము, రెండవది సాధనము. సభలో ఎత్తిన వస్తువు ఇంటికి పోయిన తరువాత ఏమి చేయగలదో చూచుటవలన ఆ సంచారముయొక్క వారసత్వము తెలియును. బూటు కొనవలసినది, గుమ్మెట నేర్వవలసినది. ఈ భేదమును అతిశయింపజేయరాదు. హిప్‌హాప్ యాత్రలు చూచి వచ్చిన యువకులును తమ నగరములలో బృందములు కట్టిరి. ఒక్క పేట కళ అనతికాలమున అనేక నగరముల కళ యయ్యెను. ఆ నగరముల యాస, ఆ నగరముల వ్యథ ఆ పద్యములలో చేరెను. కావున వారి వారసత్వమునందును రెండు పాయలు గలవు: మందిరమునుండి అంగడికి పోయిన పాయ యొకటి, మందిరమునుండి మరియొక పేటకు పోయిన పాయ యొకటి. చరిత్ర గ్రంథములలో మొదటిది పెద్దది. సాహిత్యమునకు రెండవదియే ముఖ్యము.

6. రెండు ఆక్షేపణలు

ఈ ప్రతిపాదనముపై రెండు ఆక్షేపణలు రాగలవు. బుర్రకథ ప్రచారము, సాహిత్యము కాదనునది మొదటిది. ఇందుకు సమాధానము సులభము. పాల్కురికి సోమనాథుడు ద్విపదను గ్రహించినది వీరశైవ ప్రచారమునకే. బసవపురాణమును సాహిత్యమునుండి వెలివేయువారెవరును లేరు. ప్రచారమగుట చేత రచన హీనము కాదు. ప్రచారము మాత్రమే యగుట చేత హీనమగును.

రెండవ ఆక్షేపణ బలమైనది. రాజకీయ వంత ప్రశ్నించునంటిరే, అతడు అడుగు ప్రశ్నలు నిజమైన ప్రశ్నలేనా? ముద్రిత పాఠములను చూచినచో ఆ ప్రశ్నలు కథకుని సమాధానమునకు అనువుగా అమర్చినవే. భూస్వామిని వంత ప్రశ్నించును, ప్రభుత్వమును ప్రశ్నించును, తన దళమును నడపు పక్షమును ప్రశ్నింపడు. ఇది యథార్థము. దీనిని దాచిపెట్టి బుర్రకథను కీర్తించుట విమర్శ యనిపించుకొనదు. మాధవి ప్రశ్నలకు సత్యభామ చిక్కుపడును. రాజకీయ వంత ప్రశ్నలకు కథకుడు చిక్కుపడడు. ఆ మేరకు కూచిపూడి కలాపము బుర్రకథకంటె సాహసోపేతమైనది.

అయినను ఒక్క మాట. కూర్చిన ప్రశ్నయైనను ప్రశ్నయొక్క రూపమును శ్రోతకు నేర్పును. కథ చెప్పువానిని నడుమ ఆపవచ్చునని, ఆపినను కథ చెడదని, ఆపుట వలననే కథ తెలియునని వేలమంది పల్లెవాసులు కన్నులార చూచిరి. ఆ రూపమును ఎవరిపై ప్రయోగింపవలెనో వారు పిదప తామే నిర్ణయించుకొనగలరు. హాస్య వంతకు మరికొంత స్వేచ్ఛ యుండెను. అప్పటికప్పుడు పుట్టిన అతని మాటలు ఏ పక్షపు కార్యాలయమునను ముందుగా వ్రాసియుంచుటకు వీలుకానివి. దురదృష్టవశమున అవియే ముద్రణకెక్కలేదు.

7. వంత మౌనము

తరువాతి చరిత్ర వంత మౌనముయొక్క చరిత్ర. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ ఆకాశవాణి కేంద్రము ప్రారంభమయ్యెను. రేడియో బుర్రకథకు ఇంటింట చోటిచ్చినది. ఎన్నియో కంఠములను బ్రతికించినది. కాని గజ్జె అడుగు, ముఖ కవళిక, ఎదుటి యూరు అందులో లేవు. 1954లో విడుదలయైన 'అగ్గి రాముడు' చిత్రమున నాజరు దళము చెప్పిన అల్లూరి సీతారామరాజు కథ అసంఖ్యాకులకు ఈ కళను చూపించెను. చిత్రమున కథకుడున్నాడు, వంతలున్నారు. ప్రతి యూరను అదే మాట, అదే నవ్వు. పాఠము స్థిరపడినది; సంచారము ఆగినది. ఫిల్ము చుట్ట ఊరూర తిరుగును గాని, ఏ యూరి మాటయు దానిలో చేరదు.

అదే సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము గేయ నాటక విభాగమును నెలకొల్పెను. కుటుంబ నియంత్రణము, పొదుపు, ఆరోగ్యము మున్నగు విషయములపై బుర్రకథలు చెప్పింపబడెను. ఆ విషయములు మంచివే. ఎందరో కళాకారులకు ఆ కార్యక్రమములే జీవనాధారమయ్యెను. కాని అచ్చట రాజకీయ వంతకు అడుగుటకేమి మిగిలెను? పథకమును పొగడుటకు అనువైన ప్రశ్న తప్ప మరియొకటి లేదు. తలపాగా మిగిలెను, నిలువుటంగీ మిగిలెను, తందాన మిగిలెను. అమెరికాలో వాదము పోయి బూటు మిగిలినట్లే, మనకడ ప్రశ్న పోయి వేషము మిగిలెను. అచ్చట ఆ పని అంగడి చేసినది. ఇచ్చట మొదట పక్షము, పిదప ప్రభుత్వము చేసినవి. 'వంత పాడుట' యను నింద ఈ విధముగా సార్థకమయ్యెను.

ఆ రూపము వేరొక చోట తలయెత్తినది. 1972లో ఏర్పడిన జననాట్యమండలి బుర్రకథతో పాటు ఒగ్గుకథ, వీథిభాగవతముల పద్ధతులను గ్రహించినది. 1990 ఫిబ్రవరిలో హైదరాబాదు నిజాం కళాశాల మైదానమున గద్దరు సభకు లక్షలలో జనులు చేరిరి. పాట నడుమ ఆపి మాటలాడుట, సహచరులచేత అడిగించుకొనుట ఆ ప్రదర్శనలలో ప్రధానములు. అంత పెద్ద సభలోను గద్దరు వంతను విడువలేదు. 2023లో ఆయన మరణించిన పిమ్మట వచ్చిన సంస్మరణములలో ఆయన కంఠమును కొనియాడినవారే యెక్కువ. ఆ కంఠమును అందుకొనిన సహచరులను స్మరించినవారు తక్కువ. ఇక రాప్ అను మాట చాలమంది తెలుగు శ్రోతలకు 1994లో అనువాద చిత్రమైన 'ప్రేమికుడు' పాటతో పరిచితమయ్యెను. నేడు తెలుగు యువకులు అనేకులు రాప్ వ్రాయుచున్నారు. వారిలో చాలమంది ఒంటరిగా గదిలో కూర్చుండి ధ్వనిముద్రణము చేయువారు. వారి రచనలలో ప్రాస యున్నది, వేగమున్నది, ఆత్మగౌరవమున్నది. నడుమ ఆపి అడుగు వంత లేడు. ఈ లోపమును వారికి తెలుపవలసినది బుర్రకథ నెరిగిన విమర్శకులు.

8. పరిశోధకులకు మనవి

బిరుదురాజు రామరాజుగారి 'తెలుగు జానపద గేయసాహిత్యము' 1958లో వెలువడినది మొదలు మన విశ్వవిద్యాలయములలో జానపద వాఙ్మయ పరిశోధనము గౌరవస్థానమును పొందినది. ప్రజానాట్యమండలి నటులైన మిక్కిలినేని రాధాకృష్ణమూర్తిగారు తరువాతి కాలమున జానపద కళారూపములపై విపులమైన గ్రంథమును సమకూర్చిరి. ఇంత జరిగినను బుర్రకథా పాఠములను మనము పరిష్కరించు పద్ధతి మారలేదు. కథకుని భాగము పూర్తిగా ముద్రింపబడును. వంత భాగమున 'తందాన తాన' యని మాత్రముండును. తాళపత్ర ప్రతులలో ఒక్క అక్షరము భేదించినను అధోజ్ఞాపికలో చూపు మనము, మనిషి నోటినుండి వచ్చిన పాఠాంతరమును పాఠాంతరముగనే యెంచుట లేదు.

కావున మూడు పనులు అవసరములు. ఆకాశవాణి, చలనచిత్ర, వ్యక్తిగత ధ్వనిముద్రణములనుండి వంత మాటలను ప్రత్యేకముగా వ్రాసి, కథకుని పాఠమునకు ఎదురుగా ముద్రించుట మొదటిది. దళములు నడచిన త్రోవలను గ్రామముల వరుసలో గుర్తించి, ఏ యూర ఏ మాట చేరినదో సేకరించుట రెండవది. కథకులను గూర్చియే కాక, వంతలుగా నిలిచినవారిని గూర్చియు, వారిని వినినవారిని గూర్చియు విచారించుట మూడవది. 1940లలో బాలురుగా కళ్లములలో కూర్చుండి వినినవారు ఇప్పుడు తొంబదికి చేరువలోనో, తొంబది దాటియో యున్నారు. ఈ మూడవ పనికి వ్యవధి మిక్కిలి తక్కువ.

విజయవాడలోని పరిశోధక విద్యార్థి ఇందుకై దూరదేశములకు పోనక్కరలేదు. ఇబ్రహీంపట్నము కూడలినుండి మైలవరము వైపునకో, నందిగామ వైపునకో పోవు రహదారిపై ఏ పాత గ్రామమున దిగినను, బుర్రకథ వినిన వృద్ధులున్నారా యని అడుగవచ్చును. కథకుని పేరు వారు చెప్పుదురు. అచ్చటితో ఆగక, ప్రక్కన గుమ్మెట పట్టినవారెవరు, ఆ రాత్రి వారేమడిగిరి యని కూడ అడుగవలెను. ఆ ప్రశ్నకు దొరకు సమాధానము ఒక్క వాక్యమేయైనను, మన ముద్రిత గ్రంథములలో లేని పాఠము లభించినట్లే.